పసిబిడ్డలతో ఆల్ప్స్ కొండలకు

గత సంచికలో ఒక పాఠకురాలికి జవాబు చెబుతూ, 2023 జూన్‌లో మా కూతురు, అల్లుడు, వాళ్ల ఇద్దరు పిల్లలతో కలిసి స్విట్జర్లాండ్ కొండల్లో పది రోజులు ఉండి వచ్చానని ఒక్క మాట రాశాను. అప్పటికి మా మనవడికి ఐదేళ్లు, మనవరాలికి రెండేళ్లు నిండి మూడు నెలలు. ఆ ఒక్క మాటకే ప్రొద్దుటూరు, అనంతపురం, గుంతకల్లు, నంద్యాల, ఆదోని, తాడిపత్రి, ఇటు మా కడప నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. చాలావరకు చిన్నపిల్లల తల్లిదండ్రులు రాసినవే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే. నేను టూర్లు నడిపేదాన్ని కాదు, డాక్టర్ని కాదు. ముప్పై రెండేళ్లు కడప జిల్లాలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పాను. పసిపిల్లల ఆకలి, నిద్ర, ఏడుపు ఎట్లా ఉంటాయో తెలుసు. ఆ తెలిసిన దాంతోనే రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాకు ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు. మా ఆయన ఒక ప్యాకేజీ చూశారు. ఎనిమిది రోజుల్లో జ్యూరిచ్, లూసెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, జెనీవా. మా అత్తగారేమో పసిబిడ్డల్ని ఆ చలికి తీసుకుపోతారా అని పట్టుబట్టి కూర్చున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. – ఒక తల్లి, ప్రొద్దుటూరు

చలి గురించి అయితే మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. జూన్, జూలైలలో అక్కడి లోయల్లో పగటిపూట ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మదనపల్లె దగ్గర మన హార్స్‌లీ కొండ మీద శీతాకాలం ఎట్లా ఉంటుందో అట్లాంటిదే. లోపల ఒక బనియను, పైన స్వెట్టరు, ఆ పైన వాన ఆగే జాకెట్టు. ఎండ వస్తే ఒకటి తీసేయడం, మబ్బు పడితే మళ్లీ తొడగడం. దానికి బిడ్డలు ఒక్క రోజులో అలవాటు పడతారు.

నాకు బెంగ మీ ప్యాకేజీ గురించి. ఎనిమిది రోజుల్లో ఐదు ఊళ్లంటే రోజు మార్చి రోజు సూట్‌కేసులు సర్దడమే. రెండేళ్ల బిడ్డ కొత్త మంచంలో నిద్ర పట్టడానికే రెండు రాత్రులు తీసుకుంటాడు. మూడో రాత్రి ఇంకో ఊరు, ఇంకో మంచం. పైగా ఎండాకాలంలో అక్కడికీ మనకీ మూడున్నర గంటల తేడా. మొదటి మూడు రోజులు మా పిల్లలిద్దరూ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చున్నారు. సాయంత్రం తొమ్మిది దాటినా బయట వెలుతురు పోదు, 'ఇంకా పొద్దు గుంకలేదు కదా' అని మా మనవడు పడుకోనని మొండికేసేవాడు. ఈ గొడవంతా సర్దుకునే లోపు మీ ప్యాకేజీలో సగం అయిపోతుంది.

మాకూ మొదట ఇట్లాంటి జాబితానే ఒక ఏజెంటు చేతిలో పెట్టాడు. మా అల్లుడు దాన్ని పక్కన పెట్టి ఒక్క ఊరు ఎంచుకున్నాడు. లౌటర్‌బ్రునెన్. జ్యూరిచ్ విమానాశ్రయం కిందే రైల్వేస్టేషన్ ఉంటుంది. అక్కడ ఎక్కితే ఇంటర్‌లాకెన్‌కు రెండు గంటల పైచిలుకు, అక్కణ్నుంచి ఇంకో ఇరవై నిమిషాలు. ఊరు సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే బిడ్డల ఊపిరికి ఏ ఇబ్బందీ లేని ఎత్తు. రెండువైపులా నిట్టనిలువు బండలు, వాటి మీద నుంచి దూకే నీళ్లు. ఊరి పక్కనే ఉన్న ష్టౌబ్‌బాక్ జలపాతం దాదాపు 300 మీటర్లు. మన తలకోన 270 అడుగులు. ఇది వెయ్యి అడుగులకు కొంచెం తక్కువ. గాలి వీచినప్పుడు నీళ్లు కింద పడకముందే పొడిలాగా చెదిరిపోతాయి. ఆ పేరుకు అర్థం కూడా అట్లాంటిదే, దుమ్ములాంటి వాగు అని.

పదిరోజులూ అదే ఇల్లు, అదే మంచం, అదే వంటగది. పొద్దున లేచి వాతావరణం చూసి, బిడ్డల మొహాలు చూసి, ఆ రోజు ఎటు పోవాలో అనుకునేవాళ్లం. మీ ఆయనకు ఒక సంగతి చెప్పండి. మేం ఇంటికి వచ్చాక మా మనవణ్ని స్విట్జర్లాండ్‌లో ఏం చూశావని ఎవరడిగినా వాడు చెప్పేది నీళ్ల తొట్టి గురించి. ఆ ఊరి వీధుల్లో పెద్ద మానును తొలిచి చేసిన తొట్లు ఉంటాయి. ఒక గొట్టంలోంచి చల్లటి కొండనీళ్లు రాత్రీపగలూ పడుతూనే ఉంటాయి. మేం దిగిన ఇంటి ముందర ఒకటి ఉండేది. అంచున ఆకుపచ్చ నాచు, అడుగున నాలుగు గులకరాళ్లు. వాడు రైలు టైంటేబుల్ కాగితంతో పడవ చేసి ఆ గొట్టం కింద వదిలేవాడు. పడవ మునిగితే చొక్కా చేతులు భుజాల దాకా మడిచి తీసేవాడు, మళ్లీ వదిలేవాడు. చెల్లెలు పక్కన నిలబడి ప్రతిసారీ చప్పట్లు కొట్టేది. కడపలో మా ఇంటికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. నీళ్లు ఆగకుండా పడుతుంటే కుళాయి ఎవరు కట్టేస్తారు అవ్వా అని వాడు నన్నడిగాడు. ఒక్కో పూట గంటసేపు అక్కడే.

ఐదు ఊళ్ల ప్యాకేజీలో ఆ గంట ఎక్కడా దొరకదమ్మా. తప్పకుండా వెళ్లండి. ఒక్క ఊరే పెట్టుకోండి, మరీ కావాలంటే రెండు.

ప్రశ్న: నమస్కారం టీచరమ్మా. మా పాపకు ఏడాదిన్నర. యుంగ్‌ఫ్రౌయోక్ అనే కొండ కనుమ దాకా రైలు పోతుందట కదా, మంచు చూడకుండా తిరిగొస్తే ఎట్లా అని అందరూ అంటున్నారు. పాపను తీసుకుపోవచ్చా? – ఒక తండ్రి, అనంతపురం

నాయనా, ఈ ప్రశ్నకు నేను జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ రైలు నిజంగా అద్భుతమే. 1896లో తవ్వడం మొదలుపెట్టి 1912 ఆగస్టు 1న పైదాకా తెరిచారు. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఏడుకు పైగా కొండ కడుపులోనే, ఐగర్, మోంచ్ అనే రెండు శిఖరాలను తొలిచి వేసిన సొరంగం. పైన స్టేషను 3454 మీటర్ల ఎత్తు. యూరప్‌లో అంత ఎత్తున ఇంకో రైల్వేస్టేషను లేదు. పైన నిలబడితే ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన అలెచ్ హిమానీనదం కళ్లముందు పరుచుకుని ఉంటుంది. జూన్‌లో కూడా కాళ్ల కింద మంచే.

ఇక రెండో వైపు చూడండి. 800 మీటర్ల నుంచి 3454 మీటర్లకు రెండు గంటల్లోపే చేరతాం. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. 2500 మీటర్లు దాటినప్పటి నుంచి కొండ ఎత్తు వల్ల తలనొప్పి, వికారం రావచ్చని డాక్టర్లు చెబుతారు. పెద్దవాళ్లమైతే తల బరువుగా ఉందని చెప్పుకుంటాం. మాటలు రాని బిడ్డ ఎట్లా చెబుతుంది? ఊరికే చిరాకు పడుతుంది, తిండి వద్దంటుంది, మత్తుగా పడుకుంటుంది. మామూలు రోజుల్లో కూడా పసిబిడ్డ చేసేవి అవే కదా.

మేం పైకి పోయిన రోజు మా మనవరాలు రైల్లో బాగానే ఉంది. పైన మంచు చూసి ఒకసారి నవ్వింది. అరగంట గడిచేసరికి మాట్లాడటం మానేసింది. ఎప్పుడూ ఎవరో ఒకరి వేలు పట్టుకుని లాగే బిడ్డ, వాళ్లమ్మ భుజం మీద తల వాల్చి కళ్లు సగం తెరిచి చూస్తూ ఉంది. బిస్కెట్ ఇస్తే పెదాల దగ్గర పెట్టుకుని అట్లాగే వదిలేసింది. తర్వాత వాంతి చేసుకుంది. అది ఎత్తు వల్లో, రైలు వల్లో, పొద్దున సరిగా తినకపోవడం వల్లో మాకు తెలియలేదు. తెలుసుకునే దాకా ఆగాలని కూడా మేం అనుకోలేదు. మా అల్లుడు మనవణ్ని తీసుకుని మంచు గుహ చూడటానికి పోయి ఉన్నాడు. వాళ్లకు ఫోన్ చేసి, వచ్చిన తర్వాతి రైలుకే నేను, మా కూతురు పాపతో దిగిపోయాం. క్లైనె షైడెక్ అనే స్టేషను 2061 మీటర్ల దగ్గర ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చుని ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పట్టించాం. ఇరవై నిమిషాలకు పాప లేచి నిలబడి, కొండవాలులో మేస్తున్న ఆవును చూపించి 'అంబా' అంది. మా కూతురు అప్పుడు ఏడ్చింది. పైన ఉన్నంతసేపు దాని కళ్లల్లో ఒక్క చుక్క రాలేదు.

కాబట్టి నా మాట ఇది: ఏడాదిన్నర పాపను అక్కడికి తీసుకుపోవద్దు. మంచు చూడాలని మీకు మరీ ఆశగా ఉంటే ఒకరు పాపతో కిందే ఉండండి, ఇంకొకరు పోయి రండి, మర్నాడు మారండి. ఒకవేళ కాస్త పెద్దపిల్లలతో పోయేవాళ్లుంటే, ముందు వాళ్ల డాక్టరును అడగండి. జలుబు, చెవిపోటు ఉన్న రోజు అసలు వద్దు. పైన రెండు గంటలకు మించి ఉండవద్దు, పరుగులు పెట్టనివ్వవద్దు, నీళ్లు తాగిస్తూ ఉండండి. ఏ మాత్రం తేడా కనిపించినా కిందికి దిగడమే మందు. టికెట్టు డబ్బులు పోయాయని ఆలోచించవద్దు. పూర్తి ధరైతే ఒక్కో పెద్దవారికి 200 ఫ్రాంకులు దాటుతుంది, ఫ్రాంకును కనీసం వంద రూపాయలుగా లెక్క వేసుకోండి. ఇంత పెట్టాం కదా అన్న ఆలోచనే తల్లిదండ్రుల్ని ఇంకో గంట పైన కూర్చోబెడుతుంది.

మంచు కాకుండా కొండ అందం బిడ్డకు దగ్గరగా చూపించాలంటే, 2500 లోపు ఎన్ని చోట్లున్నాయో! లౌటర్‌బ్రునెన్ పైనే వెంగెన్ అనే ఊరుంది, కార్లు రాని ఊరు. ఎత్తు 1274 మీటర్లు, ఇంచుమించు మన హార్స్‌లీ కొండంత. అక్కణ్నుంచి రోప్‌వేలో ఐదారు నిమిషాల్లో మెన్‌లిషెన్. అక్కడ పిల్లల ఆటస్థలంలో ఇంతెత్తు చెక్క ఆవు ఉంటుంది, దాని లోపలికి ఎక్కి జారుడుబల్ల మీద జారి రావచ్చు. ఐగర్, మోంచ్, యుంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ మంచు కప్పుకుని ఎదురుగా నిలబడి ఉంటాయి. బిడ్డ జారుతుంటుంది, మీరు చూస్తుంటారు. రోప్‌వే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాప చేత పాలో నీళ్లో తాగిస్తూ ఉండండి. మింగుతూ ఉంటే చెవులు నొప్పి పుట్టవు.

ప్రశ్న: మా పిల్లలకు అన్నం, పప్పు, పెరుగు లేనిదే ముద్ద దిగదు. అక్కడ ఏం పెట్టారు? ఇక్కడి నుంచి ఏమేం తీసుకుపోవచ్చు? – ఒక గృహిణి, నంద్యాల

ముందు తీసుకుపోకూడనివి చెబుతాను, ఎందుకంటే మేమూ ఇక్కడే పొరపాటు చేయబోయాం. మన దేశం నుంచి స్విట్జర్లాండ్‌కు పాల పదార్థాలు, మాంసం తీసుకుపోనివ్వరు. అంటే నెయ్యి సీసా వద్దు, పాలకోవా వద్దు. పండ్లు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు కూడా వద్దు. పసిబిడ్డల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది, సీలు వేసిన డబ్బా అయితే మనిషికి రెండు కిలోల దాకా. నేను ఓళిగలకని కిలో నెయ్యి కాచిపెట్టుకున్నాను, మా అల్లుడు రూల్ చదివి చెప్పాక ఇంట్లోనే వదిలేశాను. దానికి బెంగ పడాల్సిన పని లేదు. అక్కడ వెన్న దొరకని కొట్టు లేదు. కొని, చిన్న గిన్నెలో కాచుకుంటే నెయ్యే. పాలు, పెరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు, మా మనవరాలు గిన్నె నాకేసింది.

మేం తీసుకుపోయినవి: వేయించిన చెనిక్కాయల పొడి, పప్పుల పొడి, రాగిపిండి, కందిపప్పు, చింతపండు గుజ్జు గట్టిగా ఉడికించి ఒక డబ్బా, పసుపు, కారం, ఆవాలు, ఒక చిన్న ప్రెషర్ కుక్కర్. బొరుగులు కూడా రెండు పొట్లాలు పెట్టుకున్నాను. రైల్లో పిల్లలకు ఆకలేస్తే అవే ఆదుకున్నాయి. ఒక సాయంత్రం వాటితోనే ఉగ్గాని చేశాను. బియ్యం, ఆలుగడ్డలు, ఉల్లిపాయలు, టమోటాలు అక్కడి కొట్లలో దొరుకుతాయి. కోప్, మిగ్రోస్ అని రెండు పెద్ద కొట్లు, ఏ ఊళ్లో చూసినా ఒకటైనా ఉంటుంది. ఆదివారం చాలావరకు మూసేస్తారు, శనివారం సాయంత్రమే సరుకులు తెచ్చుకోండి. తాగేనీళ్లు కొననక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగుతారు.

అందుకే హోటల్ గది కాకుండా వంటగది ఉన్న ఇల్లు తీసుకోమంటాను. తాలింపు వేసేముందు కిటికీ తెరిచి, పొగపీల్చే ఫ్యాన్ వేసుకోండి, లేకపోతే పొగకు అలారం మోగుతుంది. రాత్రి పది దాటాక మిక్సీ, పిల్లల పరుగులు వద్దు. ఆ వేళకు చప్పుడు చేయకూడదని అక్కడ గట్టిగా పాటిస్తారు, కింద ఇంటివాళ్లు ఊరుకోరు. ఇంకొకటి, మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడలో దూరదు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జరు దూరుతుంది. కుక్కర్‌కు కరెంటు అక్కర్లేదు కాబట్టి మాకు బాధ లేకపోయింది.

ప్రశ్న: పిల్లలకు కూడా వీసా కావాలా? ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? – ఒక ఉద్యోగి, కడప

కావాలి. చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు, సొంత షెంజెన్ వీసా (స్విట్జర్లాండ్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే ఒకే వీసా) ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు, ముందు దాని తేదీ చూడండి. మీరు తిరిగి బయలుదేరే రోజు తర్వాత ఇంకా మూడు నెలలైనా గడువు మిగిలి ఉండాలి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. మే, జూన్‌లకు అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి సంక్రాంతి దాటగానే చూసుకోండి. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి 45, ఆరేళ్ల లోపు వారికి లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా అందరికీ ఉండాలి. జనన ధ్రువపత్రం పెట్టుకోండి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే పిల్లలతో పోతుంటే రెండోవారి సమ్మతి పత్రం కూడా కావాలి.

విమానం టికెట్టులో ఒక చిక్కు ఉంది. రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటుంది. ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. తేదీలు ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: కారు అద్దెకు తీసుకుంటే పిల్లలకు సుఖమా, లేక రైళ్లేనా? – ఒక తండ్రి, గుంతకల్లు

రైలు ఊరివాళ్లు మీరే ఈ ప్రశ్న అడిగారా నాయనా! రైలే. వెంగెన్‌కు, మ్యూరెన్ అనే ఇంకో కొండ ఊరికి కారు పోనే పోదు. కొండదారి మలుపులకు మన పిల్లలకు వాంతులు ఖాయం, ఘాట్‌రోడ్డులో తిరుపతి పోయివచ్చిన ప్రతి తల్లికీ తెలుసు. పైగా పన్నెండేళ్ల లోపు ఉండి, 150 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేని పిల్లల్ని ప్రత్యేక సీటు లేకుండా కార్లో కూర్చోబెట్టకూడదని అక్కడ చట్టం.

రైళ్లు, బస్సులు ఎక్కి తిరగడానికి స్విస్ ట్రావెల్ పాస్ అని ఒకటుంది. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. ఆరు నుంచి పదహారు లోపు పిల్లలు తల్లి లేదా తండ్రి పాస్ మీద ఫ్యామిలీ కార్డుతో ఉచితం, ఆ కార్డుకు కూడా డబ్బు తీసుకోరు, కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. వెంగెన్, గ్రిండెల్‌వాల్డ్, మ్యూరెన్ ఊళ్ల దాకా పాస్ చెల్లుతుంది. యుంగ్‌ఫ్రౌయోక్‌కు ఆ పైన తగ్గింపు ధరకు టికెట్టు కొనాలి. కొన్ని రెండంతస్తుల రైళ్లలో పై అంతస్తులో పిల్లల పెట్టె ఉంటుంది, లోపలే జారుడుబల్ల. మా మనవడు ఇంటర్‌లాకెన్‌లో దిగనని ఏడ్చాడు.

తోపుడు బండి ఒక్కటే నమ్ముకోవద్దు. బిడ్డను వీపున కట్టుకునే సంచి కూడా ఉంచుకోండి, మెట్లున్న చోట అదే పనికొస్తుంది.

ప్రశ్న: రోజూ వాన పడితే నాలుగేళ్ల పిల్లాణ్ని ఎట్లా ఆడించాలి? డబ్బంతా వానపాలేనా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఆదోని

మేమున్న పది రోజుల్లో నాలుగు రోజులు వానే. మనది చినుకు పడితే పిల్లలు వీధుల్లోకి పరిగెత్తే సీమ కదమ్మా. రబ్బరు బూట్లు, ముంజేతుల దాకా ఉండే రెయిన్‌కోటు కొని వదిలేయండి. గుంట కనపడితే దూకనివ్వండి. ఇంటికొచ్చాక వేడినీళ్ల స్నానం, రాగిజావ. నాకు ఆ నాలుగు రోజులే బాగా గుర్తున్నాయి.

వాన పడ్డా చూడగలిగింది ట్రూమెల్‌బాక్. లౌటర్‌బ్రునెన్ నుంచి పసుపుపచ్చ బస్సులో, అంటే వాళ్ల పోస్టు బస్సులో, కాసేపటి దారి. ఐగర్, మోంచ్, యుంగ్‌ఫ్రౌ మీద కరిగిన మంచంతా కొండ లోపల పది జలపాతాలుగా దూకుతుంది, సెకనుకు 20,000 లీటర్ల దాకా. బెలుం గుహల్లో నీళ్లు గర్జిస్తూ పోతుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని మాత్రం లోపలికి పోనివ్వరు. మీవాడికి నాలుగు నిండాయో లేదో చూసుకోండి. మా మనవరాలితో నేను బయటే ఉండిపోయాను. ఇద్దరం గొడుగు కింద కూర్చుని నత్తల్ని లెక్కపెట్టాం. పదకొండు.

ఎక్కడికి పోవాలన్నా పొద్దున కొండల మీది కెమెరాలు చూడండి. చాలా శిఖరాల దగ్గర ఒకటి పెట్టి, పైన ఎట్లా ఉందో ఫోన్‌లో చూపిస్తారు. కింద ఎండగా ఉన్నా పైన మబ్బు కమ్ముకుని ఉంటుంది, ఒక్కోసారి అటుదిటు. చూసి, ఆ తర్వాతే టికెట్టు కొనండి. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక ఉరుములు, మెరుపులు వస్తుంటాయి, కాబట్టి పైకి పొద్దున్నే పోయి రెండింటి లోపు దిగండి. మబ్బున్నా సరే మొహానికి సన్‌స్క్రీన్ రాసి, నల్ల కళ్లద్దాలు పెట్టండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండ తీక్షణత పెరుగుతుంది, మంచు మీద పడి తిరిగి కంట్లో కొడుతుంది.

రెండు జాగ్రత్తలు మరిచిపోవద్దు. లోయలో పారే ఏరు పాలలాగా తెల్లగా, అందంగా ఉంటుంది. కానీ అది కరిగిన మంచు, మహా వడి. పిల్లాడి చేయి వదిలి ఒడ్డుకు పోనివ్వవద్దు. రెండోది ఆవులు. మెడలో పెద్ద గంటలతో సాధువుగా కనపడతాయి, మన పిల్లలు మన ఊరి ఆవే అనుకుని మెడ నిమరబోతారు. దూడ పక్కనున్న తల్లి ఆవు మీదికి వస్తుంది. దారి వదిలి దూరంగా నడవండి.

ఏదైనా ఆపద వస్తే అంబులెన్సుకు 144, కొండల్లో హెలికాప్టర్ సహాయానికి 1414. ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నాకు అరవై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులు. కొడుకు, కోడలు పిల్లలతో పోతూ నన్నూ రమ్మంటున్నారు. నేనుంటే వాళ్లకు భారం కాదా? – ఒక జేజి, తాడిపత్రి

అక్కా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకూ అరవై మూడు, నాకూ ఎడమ మోకాలు పట్టేస్తుంది. పోయేముందు నేనూ ఇదే అడిగాను మా అమ్మాయిని.

అక్కడ జరిగింది చెబుతాను. మా మనవరాలు పైన జబ్బుపడిన రోజు, దాని తల్లి చేతులు వణుకుతుంటే చెంచా పట్టుకున్నది నేను. ట్రూమెల్‌బాక్ దగ్గర నేను బయట ఉన్నాను కాబట్టే ఐదేళ్లవాడు లోపలికి పోయి చూడగలిగాడు. ఒక సాయంత్రం పిల్లలిద్దరికీ కథ చెప్పి పడుకోబెట్టి, నా కూతుర్నీ అల్లుణ్నీ నడిచి రమ్మని పంపించాను. పెళ్లయిన ఏడేళ్లలో వాళ్లిద్దరే కలిసి నడిచింది అదేనట. చీకటి పడ్డాక తిరిగొచ్చారు, ఇద్దరి మొహాలు ఎంత తేటగా ఉన్నాయో.

మీ మోకాళ్లకు అక్కడ కష్టం తక్కువే. ఎత్తులన్నీ రైళ్లు, రోప్‌వేలు ఎక్కిస్తాయి. లౌటర్‌బ్రునెన్ నుంచి ష్టెకెల్‌బర్గ్ దాకా లోయ పొడవునా బాట ఇంచుమించు చదునుగానే ఉంటుంది. ఆ దారి వెంబడే బస్సు తిరుగుతుంది, అలసిపోతే ఎక్కేయొచ్చు. కొండ మీది దిగుడు బాటలు మాత్రం వద్దు, మోకాలికి ఎక్కడంకన్నా దిగడమే ఎక్కువ బాధ. బీపీ, షుగరు ఉంటే బీమా తీసుకునేటప్పుడు దాచవద్దు, దాస్తే అవసరానికి పనికిరాదు. మందులు తిరిగొచ్చే రోజుకు ఇంకో వారం ఎక్కువ లెక్కకట్టి, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

పిల్లలకు ఒక పాత చీర తీసుకుపోండి. మా మనవరాలు కొత్త మంచంలో మొదటి రాత్రి నా చీర కొంగు పిడికిట్లో పట్టుకున్నాకే నిద్రపోయింది. మోకాళ్ల పట్టీ, నొప్పి నూనె సూట్‌కేసులో వేయవద్దు. పట్టీ చేతి సంచిలోనే ఉండాలి, నూనె చిన్న సీసాలో పోసుకోండి. వంద మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు.